నూటికి మూడు రూపాయల వడ్డీ కింద మన పొదుపు

2021 జనవరి 7న జాతీయ గణాంక కార్యాలయం ఆ ఆర్థిక సంవత్సరానికి తొలి ముందస్తు అంచనా విడుదల చేసింది. 2020-21లో దేశ జీడీపీ 7.7 శాతం కుంచించుకుపోతుందని అందులో ఉంది. ఏప్రిల్-జూన్ మధ్య 23.9 శాతం, జులై-సెప్టెంబర్ మధ్య 7.5 శాతం పడిపోయిన తర్వాత ఈ అంకె ఎవరినీ పెద్దగా ఆశ్చర్యపరచలేదు. వరసగా రెండు త్రైమాసికాలు ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోతే దాన్ని మాంద్యం అంటారని ఈపాటికి అందరికీ తెలిసిపోయింది. దాంతోపాటే యూట్యూబ్‌లోనూ పత్రికల బిజినెస్ పేజీల్లోనూ సలహాల వాన మొదలైంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. జీతంలో సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు కేటాయించండి. సిప్ ఆపకండి, మార్కెట్ పడినప్పుడే కొనండి.

ఈ సలహాలు తప్పని నేను అనను. అవి ఎవరి ఇంటిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవో గమనించమంటాను. ఆ సలహా వినే మనిషికి ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఆ జీతం అతనిది, మహా అయితే అతని భార్యాపిల్లలది. ఊళ్లో అమ్మానాన్నలకు పెన్షనో, కౌలుకిచ్చిన పొలమో, అద్దె వచ్చే రెండు గదులో ఉంటాయి. మాంద్యంలో అతని ఉద్యోగం పోవచ్చు. పోతే కష్టమే. కానీ పోయిన మర్నాడే అతను వడ్డీవ్యాపారి గుమ్మం ముందు నిలబడడు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ గుమ్మం దగ్గరే లెక్కలు మొదలయ్యే ఇళ్ల గురించి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా పేటలో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర కూలి, అమ్మ పొలం పనులకు వెళ్తుంది, తమ్ముడు హైదరాబాద్‌లో ఫైనాన్స్ మీద తీసుకున్న కారుతో క్యాబ్ నడుపుతాడు. నేను ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయంలో సీనియర్ ఫెలోషిప్ మీద ఉన్నాను, 2021లో అది నెలకు 35,000. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టాక ఒక్క వారంలో మా ఇంట్లో మూడు సంపాదనలు ఆగిపోయి నాలుగోది మిగిలింది. ఆ నాలుగోది కూడా ఏప్రిల్ నుంచి జులై దాకా రాలేదు. ఎక్కడో ఒక ధ్రువీకరణ ఎవరి లాగిన్‌లోనో ఆగిందన్నారు. ఫెలోషిప్ అనేది ఒక విద్యార్థి పుస్తకాలకూ మెస్ బిల్లుకూ ఇచ్చే భత్యమని విధాన పత్రాలు అనుకుంటాయి. మొదటి తరం పరిశోధకుల్లో చాలామందికి అది ఇంటి మొత్తానికి నెల తిరిగేసరికి వచ్చే ఒకే ఒక్క రొక్కం. ఆ తేడా తెలియకుండా మన పొదుపు గురించి ఎవరు ఏం చెప్పినా అది పక్కింటి లెక్కే.

ఇక అసలు లెక్కకు వస్తాను. 2016లో అక్క ఆపరేషన్‌కి నాన్న లక్షా ఇరవై వేలు ప్రోనోటు రాసి తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. మా వైపు రెండు రూపాయల వడ్డీని ధర్మవడ్డీ అంటారు. ఆ ధర్మం ఏడాదికి 24 శాతం. మాకు దొరికింది ధర్మం దాటిన వడ్డీ, ఏడాదికి 36 శాతం. నెలకు 3,600 వడ్డీ కట్టుకుంటూ పోతే అసలు అక్కడే ఉంటుంది, కదలదు. అసలు కంటే వడ్డీ ముద్దు అని మనవళ్ల గురించి ఒక సామెత ఉంది కదా, వడ్డీ కట్టే ఇంట్లో పుట్టినవాళ్లెవరూ దాన్ని పుట్టించి ఉండరు.

ఇప్పుడు దీన్ని బ్యాంకు పక్కన పెట్టి చూడండి. మాంద్యం నుంచి గట్టెక్కించడానికి రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి, మే నెలల్లో రెపో రేటును 5.15 నుంచి 4 శాతానికి తగ్గించింది. ఇల్లు కొనుక్కునేవాళ్లకు 7 శాతం చుట్టుపక్కల అప్పు దొరికింది. దానికి మూల్యం చెల్లించింది చిన్న డిపాజిటర్. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతా వడ్డీ 2.7 శాతానికి దిగింది. అంటే సేవింగ్స్ ఖాతాలో లక్ష రూపాయలు ఏడాది పాటు ఉంచితే వచ్చేది 2,700. ఊళ్లో లక్ష అప్పు మీద ఒక్క నెల వడ్డీ 3,000. మనం ఏడాదంతా కూడబెట్టిన లక్షకు బ్యాంకు ఇచ్చే వడ్డీ, మన ఇంటి అప్పుకు ఒక నెల వడ్డీకి కూడా చాలదు. రెపో రేటు 4 శాతానికి దిగినప్పుడు మా ఊళ్లో ప్రోనోటు వడ్డీ ఒక్క పైసా దిగలేదు. పైగా లాక్‌డౌన్ వేసవిలో అడిగేవాళ్లు ఎక్కువై, కొన్నిచోట్ల అయిదు రూపాయలకు పోయింది. ద్రవ్య విధానం మన పేటల పొలిమేర దాకా వచ్చి ఆగిపోతుంది. ప్రభుత్వం మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. మొత్తం 1,500. లక్ష అప్పుకు పదిహేను రోజుల వడ్డీ.

ఇది కేవలం నిరక్షరాస్యత వల్లో, దుబారా వల్లో వచ్చిన పరిస్థితి కాదు. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే తాకట్టు అడుగుతుంది. తాకట్టుకు భూమి కావాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో ఎస్సీల వాటా 9 శాతానికి లోపే, 2011 లెక్కల్లో జనాభా వాటా 16.6 శాతం. సంపాదించే సామర్థ్యం ఉన్నా శూద్రుడు సంపద పోగుచేయరాదని మనుస్మృతి పదో అధ్యాయం నిషేధం విధించింది. అంతకంటే కింద పెట్టినవాళ్లకు కుక్కలూ గాడిదలే ఆస్తి అంది. పొదుపు చేయడమే నేరమైన సమాజంలో తరతరాలు బతికినవాళ్లను ఇవాళ 'మీకు ఆర్థిక అక్షరాస్యత లేదు' అనడం ఎంత తేలిక! మా అమ్మకు సంతకం రాదు. కానీ ఎవరికి ఎంత బాకీ, ఏ తిథికి ఎంత కట్టాలి, ఏ నెలలో కూలి దొరకదు అన్నది నోటి లెక్కన చెబుతుంది. ఆమెకు లేనిది అక్షరాస్యత కాదు, తాకట్టు పెట్టడానికి పొలం.

కాబట్టి నా తోటి పరిశోధకులకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది, బిజినెస్ పేజీలు సాధారణంగా దాన్ని రెండో పేరాలోనో మూడో పేరాలోనో దాటేస్తాయి. ఇంటి మీద రెండు మూడు రూపాయల వడ్డీ అప్పు ఉంటే, మనం పెట్టగల అతి మంచి పెట్టుబడి దాన్ని తీర్చడమే. ఏడాదికి 36 శాతం, నష్టభయం లేకుండా ఏ ఫండూ ఇవ్వదు. నాకు తెలిసిన ఒక మిత్రుడు నెలకు 2,000 సిప్‌లో వేస్తూ, ఇంటికి నెలకు 3,000 వడ్డీకి పంపుతుంటాడు. అతనికి ఫండు ఏడాదికి 12 శాతం ఇచ్చిందనే అనుకుందాం. నూటికి రూపాయి సంపాదించడానికి మూడు రూపాయలు కడుతున్నట్టు. నేను ఫెలోషిప్ వచ్చిన మొదటి రోజుల నుంచీ వడ్డీ కాకుండా అసలు మీద కొట్టేశాను, నెలకు పదివేలు తక్కువ కాకుండా. 2019 చివరికి ప్రోనోటు చించేశాం. మర్నెల్లలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ 3,600 కట్టనవసరం లేకపోవడమే మా ఇంటికి పెద్ద అండ అయింది. చేతిలో ఉన్న డబ్బు కంటే, చేతి నుంచి పోనక్కర్లేని డబ్బు మమ్మల్ని కాపాడింది.

ఒక్కసారిగా తీర్చలేనివాళ్లు అప్పును మార్చుకోవచ్చు. ఇంట్లో కాసంత బంగారం ఉంటే ఊళ్లో తాకట్టు దుకాణానికి కాకుండా ప్రభుత్వ రంగ బ్యాంకుకు తీసుకెళ్లాలి. అక్కడ వడ్డీ ఏడాదికి పది శాతం లోపే, అంటే నూటికి రూపాయి కూడా పడదు. మూడు రూపాయల అప్పును అర్ధరూపాయి, ముప్పావు రూపాయి అప్పుగా మార్చినట్టు. 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బంగారం విలువలో 90 శాతం దాకా బ్యాంకులు అప్పు ఇవ్వవచ్చని 2021 మార్చి 31 వరకు వెసులుబాటు ఇచ్చింది. ఇస్తున్నారు కదా అని 90 దాకా పోవద్దన్నాను. ఆ ఆగస్టులో పది గ్రాములు 56,000 దాటిన ధర తర్వాతి నెలల్లో దిగింది. ఇంకా దిగితే తేడా కట్టమంటారు, కట్టలేకపోతే వేలం. అమ్మ మెడలోది వేలానికి పోతే అది లెక్కల పుస్తకంలో రాసుకునే నష్టం కాదు. అమ్మల డ్వాక్రా సంఘం అప్పు ఇంకో దారి. మనలో ఎంతమంది పీజీ ఫీజులు డ్వాక్రా అప్పుతో కట్టినవో పరిశోధించాల్సిన విషయమే.

చీటీల గురించి ఒక మాట. మన ఇళ్లలో పొదుపంటే చీటీయే. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద నమోదైన కంపెనీలో చీటీ పాడుకుంటే, డబ్బు చేతికివ్వడానికి జామీను అడుగుతారు, అదీ జీతం స్లిప్పు ఉన్న ఉద్యోగిని. పేటలో అలాంటివాళ్లు ఎందరుంటారు? అందుకే మనవాళ్లు వీధిలో నమ్మకం మీద నడిచే చీటీకి పోతారు. మాంద్యంలో అందరికీ ఒకేసారి డబ్బు అవసరం పడి పాట పైకి పోతుంది, లక్ష చీటీ అరవై, డెబ్బై వేలకు ఎత్తుకుంటారు, తర్వాత కట్టలేరు, నడిపేవాడు ఊరు వదిలిపోతాడు. ఇందులో మోసం కొంత, గతిలేనితనం కొంత. విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో స్థిరపడిన మన సమాజపు ఆచార్యులు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లను ఒకటి అడగాలని ఉంది. సెమినార్లలో మీ ఉపన్యాసాలు మాకు అవసరమే, మీ జామీను సంతకం కూడా అంతే అవసరం. అది ఊరికే పెట్టేది కాదని తెలుసు, అవతలి మనిషి కట్టకపోతే మీ జీతంలో కోత పడుతుంది. అయినా అడుగుతున్నాను. కులం పై మెట్టులో ఉన్నవాళ్లకు ఆ సంతకం మేనమామో బాబాయో అడక్కుండానే పెడతాడు.

ఇక రుణ యాప్‌లు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేసేదాకా ఇవి ఎంత లోతుగా పాకాయో బయటివాళ్లకు తెలియలేదు. హాస్టల్ గదుల్లో తెలుసు. 5,000 అడిగితే ఫీజుల పేరుతో కోసేసి 3,500 ఇస్తారు, వారం తిరగ్గానే 5,000 కట్టమంటారు. వారానికి 43 శాతం. దీని ముందు మా ఊరి వ్యాపారి నిజంగానే ధర్మాత్ముడు. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోటో పెట్టి దొంగ అని సందేశాలు పంపుతారు. ఇంటినుంచి మొదటిసారి చదువుకి వచ్చిన పిల్ల ఫోన్‌లో ఎవరి నంబర్లుంటాయి? గైడ్‌ది, విభాగాధిపతిది, హాస్టల్ వార్డెన్‌ది, ఊళ్లో సంబంధాలు చూస్తున్న మేనత్తది. తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక రిజర్వ్ బ్యాంకు డిసెంబర్ 23న హెచ్చరిక ఇచ్చింది, 2021 జనవరి 13న ఒక కార్యబృందాన్ని వేసింది. బృందం నివేదిక ఇచ్చేలోపు ఎన్ని ఫోన్లు మోగాయో! ఈ యాప్‌ల వాళ్లు వేధిస్తుంటే ఒంటరిగా భరించవద్దు, సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయండి, అంతకంటే ముందు పక్క గదివాళ్లకు చెప్పండి. అప్పు చేయడం నేరం కాదు, సిగ్గుపడాల్సింది వాళ్లు.

తమ్ముడి కారు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మారటోరియం అన్న మాటను మన ఇళ్లు ఎలా అర్థం చేసుకున్నాయో చూపిస్తుంది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా వాయిదాలు కట్టనక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు వీలు కల్పించింది. 'మాఫీ' అని ఊరంతా అనుకుంది. అది వాయిదాకు వాయిదా మాత్రమే, ఆ ఆరు నెలలకూ వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద పడ్డ వడ్డీ వరకు 2 కోట్ల లోపు అప్పులకు అక్టోబర్‌లో ప్రభుత్వం భరిస్తానంది, అసలు వడ్డీ కాదు. సెప్టెంబర్‌లో ఫైనాన్స్‌వాళ్లు కొత్త షెడ్యూల్ చేతిలో పెట్టినప్పుడు అప్పు పొడవు పెరిగింది. అలాంటి కాగితం వచ్చినప్పుడు ఇంట్లో చదువుకున్నది మనమే కాబట్టి చదివి చెప్పాల్సిందీ మనమే. 'అసలు ఎంత, మొత్తం కట్టేది ఎంత' అని రెండు అంకెలు అడగండి చాలు, తక్కినవన్నీ ఆ రెండింటి మధ్యనే ఉంటాయి.

వ్యక్తిగత పొదుపు గురించి మాట్లాడటమే నయా ఉదారవాదమని మా క్యాంపస్‌లో కొందరు మిత్రులంటారు. వాళ్ల ఇళ్లలో ఫ్రిజ్ మీద మందుల చీటీ పక్కన డిపాజిట్ రసీదులు ఉండటం నేను చూశాను, పోనివ్వండి. బాబాసాహెబ్ జీవితాన్ని చదివినవాళ్లకు ఇందులో వైరుధ్యం కనిపించదు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల విద్యార్థి వేతనంతో ఆయన కొలంబియాకు వెళ్లారు. 1917లో ఆ వేతనం గడువు ముగియడంతో లండన్ చదువు సగంలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. ఫెలోషిప్ ఆగితే చదువు ఆగుతుందన్న సంగతి మనకంటే ముందు ఆయనకే జరిగింది. తర్వాత సిడెన్‌హామ్ కాలేజీలో 450 రూపాయల జీతంలోంచి మిగుల్చుకుని, సాహు మహారాజ్ సాయం తీసుకుని, మిత్రుడు నవల్ భతేనా దగ్గర 5,000 అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. అంటే ఆయన డీఎస్సీ వెనక మూడు రకాల డబ్బుంది: సొంత పొదుపు, ఉద్యమ మిత్రుడైన పాలకుడి సాయం, వడ్డీవ్యాపారిది కాని అప్పు. ఆ డీఎస్సీ సిద్ధాంత వ్యాసమే 1923లో వచ్చిన 'ప్రాబ్లం ఆఫ్ ది రూపీ'. రూపాయికి విదేశాల్లో ఎంత మారకం వస్తుందన్నది కాదు, బజారులో అది ఏం కొనగలదన్నది స్థిరంగా ఉండాలని ఆయన వాదించారు. దాన్ని మాంద్యపు కళ్లతో చదవండి. 2020 అక్టోబర్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.61 శాతం, ఆహార పదార్థాలది 11.07 శాతం. బ్యాంకు వడ్డీ అప్పుడు 2.7. భూమి ఉన్నవాడి ఆస్తి ధరతోపాటు పెరుగుతుంది, నోట్లు మాత్రమే ఉన్నవాడి ఆస్తి ఖాతాలోనే కరిగిపోతుంది. డిసెంబర్‌లో ద్రవ్యోల్బణం 4.59కి దిగింది, అయినా 2.7 కంటే పైనే. ఖాతాలో రెండు నెలల ఖర్చుకు మించి ఉంటే దాన్ని పోస్టాఫీసుకో, డిపాజిట్‌కో మార్చాలని నేననేది అందుకే. పోస్టాఫీసు సేవింగ్స్‌కే 4 శాతం ఇస్తున్నారు. అదీ గొప్పేం కాదు.

చిన్న విషయం ఒకటి, కానీ మరిచిపోకూడనిది. 2021లో ఏడాదికి 12 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా, 330 రూపాయలు కడితే 2 లక్షల జీవిత బీమా అదే జన్‌ధన్ ఖాతా నుంచి వచ్చేవి. అమ్మానాన్నల వయసు 50 దాటకముందే రెండోది చేయించాలి. ఎండలో, పురుగుమందుల మధ్య, పరంజాల మీద పనిచేసేవాళ్లు మనవాళ్లే.

మిగిలింది అసలు బాకీదారు సంగతి. మనం పొదుపు ఎంత క్రమశిక్షణతో చేసినా, ఫెలోషిప్ నాలుగు నెలలు రాకపోతే ఆ క్రమశిక్షణ మళ్లీ మూడు రూపాయల వడ్డీలోకి పోతుంది. నెలకు పదివేల చొప్పున నాలుగు నెలలు తిండికీ మందులకూ అప్పు తెచ్చుకుని, నాలుగో నెల చివర బకాయి వచ్చాక తీర్చామనుకోండి, వడ్డీ 3,000 అవుతుంది. బకాయి మాత్రం అణా పైసలతో అసలే వస్తుంది, ఆ 3,000 ఎవరూ ఇవ్వరు. అంటే దేశంలో అతి తక్కువ ఆస్తి ఉన్న విద్యార్థుల దగ్గర ప్రభుత్వం వడ్డీ లేని అప్పు తీసుకుంటోంది, ఆ వడ్డీని విద్యార్థి వేరొకరికి కడుతున్నాడు. వడ్డీ ఇవ్వడం చట్టానికి తెలియని సంగతేం కాదు. ఆదాయపన్ను రిఫండ్ ఆలస్యమైతే నెలకు అర శాతం వడ్డీ కలిపి ఇస్తారు. ఉపాధి హామీ చట్టం కింద కూలి పదిహేను రోజులు దాటి ఆగితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. అమలు అంతంతమాత్రమే అయినా నియమమంటూ ఉంది. అదే లెక్కన నెల ఫెలోషిప్ 35,000 మీద ఆలస్యానికి రోజుకు 17 రూపాయల 50 పైసలు రావాలి. పన్ను కట్టేవాడి డబ్బుకు కాలం విలువ ఉంది, కాగితం మీదనైనా కూలివాడి డబ్బుకూ ఉంది, పరిశోధకుడి డబ్బుకు మాత్రం లేదా? అర్ధశతాబ్దం సాంఘిక న్యాయం మీద సెమినార్లు పెట్టిన సంస్థలు ఈ ఒక్క నియమం పెట్టుకోలేవా?

2021 జనవరి 17కి రోహిత్ వేముల మనల్ని వదిలి అయిదేళ్లు. ఆయన చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు, ఉంది. ఒక మిత్రుడికి తాను బాకీ ఉన్న నలభై వేలూ ఉంది. ఆ ఉత్తరాన్ని మనం నక్షత్రాల కోసం చదువుతాం, సరే. అందులో ఒక లెక్కల పుస్తకం కూడా ఉంది, దాన్ని చదవడం మానకూడదు. 2020 నవంబర్‌లో షాద్‌నగర్ నుంచి ఢిల్లీ వెళ్లి చదువుకుంటున్న అమ్మాయి చనిపోయినప్పుడు కూడా రావాల్సిన స్కాలర్‌షిప్ నెలల తరబడి రాలేదన్న సంగతే బయటికొచ్చింది. డిసెంబర్ 23న కేంద్ర మంత్రివర్గం ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకు అయిదేళ్లకు 59,048 కోట్లు ఆమోదించింది, అందులో కేంద్రం వాటా 60 శాతం. మంచిదే. ఆమోదం తేదీకి, ఖాతాలో పడే తేదీకి మధ్య దూరాన్ని కూడా ఎవరైనా ఆమోదిస్తే ఇంకా మంచిది.

దీనికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి. డిసెంబర్ 3న యూజీసీ సిద్ధాంత వ్యాసం సమర్పణ గడువును 2021 జూన్ 30 దాకా పెంచింది. గ్రంథాలయాలు మూతపడ్డాయి, క్షేత్ర పరిశోధన ఆగింది, ప్రయోగశాలలు తెరవలేదు కాబట్టి గడువు పెంచక తప్పలేదు. అదే ఉత్తర్వులో ఫెలోషిప్ కాలం మాత్రం అయిదేళ్లకు మించదని ఉంది. కాలం ఇచ్చారు, కూడు ఇవ్వలేదు. ఇంటి ఆస్తి మీద ఆ ఆరు నెలలు గడపగలిగినవాళ్లే వ్యాసం పూర్తి చేయగలరు. తక్కినవాళ్లు గెస్ట్ లెక్చరర్ పనికి పోదామంటే అక్కడా గేట్లు మూసే ఉండేవి. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల అధ్యాపకులు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనులకు వెళ్లారు. నెట్ లేని పరిశోధకుల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లకు ఇచ్చేది నెలకు 8,000. 2015లో దాన్ని కూడా ఎత్తేయాలని చూస్తే విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు వారాల తరబడి కూర్చుని నిలబెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆ అంకె మారలేదు, పప్పు ధర మారింది.

ఈలోపు మనం చేయగలిగినదాన్ని మా హాస్టల్ అనుభవంతో చెబుతాను. 2019 ఆగస్టు నుంచి పదకొండు మందిమి నెలకు 500 చొప్పున ఒక ఉమ్మడి నిధిలో వేస్తున్నాం. లాక్‌డౌన్ నాటికి 44,000 ఉంది. లాంగ్ నోట్‌బుక్‌లో లెక్క, ఇద్దరి పేర్ల మీద ఖాతా, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదలాలన్న నియమం. ఎవరి ఫెలోషిప్ ఆగితే వాళ్లు నెలకు నాలుగు వేల దాకా తీసుకోవచ్చు, బకాయి వచ్చిన రెండు నెలల్లో వడ్డీ లేకుండా తిరిగి వేయాలి. కారణం అడగం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా అయిదుగురు తీసుకున్నారు, అందులో నేనూ ఉన్నాను. నలుగురు తిరిగి వేశారు. అయిదో అతని ఫెలోషిప్ ఇంకా రాలేదు, అతన్ని ఎవరూ అడగలేదు. ఈ నెల నుంచి చందాను 700 చేయాలా వద్దా అని ఇంకా తేలలేదు. ఇద్దరు వద్దంటున్నారు, వాళ్ల ఇళ్లలో ప్రోనోట్లు ఇంకా చిరగలేదు. వాళ్లవి తీరేదాకా 500 చాలని నా ఓటు.